సంభూయ: వర్తకుల కుమ్మక్కు, రాజదండం



నలుగురు వర్తకులు చాటున కలిసి ధర నిర్ణయించుకొని, పైకి మాత్రం పోటీ పడుతున్నట్లు నటించడాన్ని పత్రికల వారు కార్టెల్ అంటారు. మన జనం సిండికేట్ అంటారు. మన నోట బాగా నలిగిన మాట ఇంకొకటి ఉంది, కుమ్మక్కు. జీవితమంతా మాటలతో కాపురం చేసినవాణ్ణి గనుక ఈ విషయాన్ని మాటల దగ్గరనుండే మొదలుపెడతాను.

కుమ్మక్కుకు మూలం ‘కుమక్’. ఉర్దూలో దానికి సహాయమని అర్థం. యుద్ధంలో తోడుగా వచ్చే సేనకు కూడా ఆ పేరు చెల్లింది. తెలుగులోకి వచ్చాక ఆ సహాయం క్రమంగా చెడ్డపనికి చేసే సహాయంగా మారిపోయింది. కార్టెల్ కథ కూడా ఇంచుమించు ఇదే. ఇటలీ భాషలో ‘కార్తా’ అంటే కాగితం, ‘కార్తెల్లో’ అంటే ప్రకటన పత్రం. ఐరోపాలో పోరాడుకునే రెండు పక్షాలు ఖైదీల మార్పిడి కోసం వ్రాసుకునే ఒడంబడికకు ఆ పేరు వాడారు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీలో అది వర్తకుల ఒప్పందానికి పేరయింది. శత్రువులు కాసేపు పోరు మాని వ్రాసుకున్న కాగితం! పోటీదారుల చీకటి ఒప్పందానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు.

సంస్కృతంలో దీనికి సంబంధించిన మాట ‘సంభూయ’. కలిసి, ఒక్కటై అని దాని అర్థం. ధర్మశాస్త్రాలు చెప్పే పదునెనిమిది వ్యవహార పదాలలో ‘సంభూయ సముత్థానం’ ఒకటి. పలువురు పెట్టుబడినో శ్రమనో కలిపి వ్యాపారం చేసి లాభనష్టాలు పంచుకోవడం అన్నమాట. అది ధర్మబద్ధమైన పని. మన తీరంలో పడవ యజమాని, సరంగు, కళాసీలు వేటలో వచ్చినదాన్ని వాటాలు వేసుకోవడం దానికి చక్కని ఉదాహరణ. అయితే అవే శాస్త్రాలు, అదే ‘సంభూయ’ శబ్దాన్ని వాడి, వర్తకులు కలిసి సరకును అడ్డగించి అన్యాయపు ధరకు అమ్మితే దండించమని కూడా చెప్పాయి. ఒకే మాట ఒకచోట ధర్మం, ఇంకొకచోట నేరం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురైనది కాదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడుపుకునే నా పూర్వవిద్యార్థి ఒకడు అడిగినది. “మేస్టారూ, నిన్నటిదాకా ఒక్కొక్కడు ఒక్కో రేటు చెప్పాడు. ఇవాళ జెట్టీ మీద అందరిదీ ఒకటే మాట. కౌంటుకింతని తగ్గించేశారు. ఒకడి దగ్గర కాకపోతే ఇంకొకడి దగ్గరకెళ్దామంటే అక్కడా అదే. ఇది న్యాయమేనా అండీ?” అన్నాడు. న్యాయమో కాదో చెప్పడం నాకు తేలిక. నేరమో కాదో చెప్పడం మాత్రం తేలిక కాదని, చదివిన కొద్దీ బోధపడింది. ఆ వర్తకులు కుమ్మక్కయ్యారని నేను అనడం లేదు. ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవడం ఎలా అన్నదే ప్రశ్న.

చేపలరేవులో జరిగే బేరం స్వభావాన్ని కాస్త గమనించండి. బోటు ఒడ్డుకు చేరాక సరకు ఆగదు. ఐసు కరిగిన కొద్దీ ధర కరుగుతుంది. అమ్మేవాళ్ళు వందలమంది, పెద్ద ఎత్తున కొనేవాళ్ళు కొద్దిమంది. పైగా డీజిలుకూ ఐసుకూ వలలకూ ముందుగా అప్పు ఇచ్చిన షావుకారికే సరకు వేయవలసిన కట్టుబాటు చాలామందికి ఉంటుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఆ అప్పు ఇంకా పెరుగుతుంది. ఇటువంటి చోట పాటలో ఇద్దరు నోరు మూసుకుంటే చాలు, ధర పడిపోతుంది. ఒకడు తక్కువకు పాడుకొని, తరువాత చాటుగా తమలో తాము మరో పాట పెట్టుకొని, తేడాను పంచుకోవడం వేలంపాటలున్న ప్రతి దేశంలోనూ ఉన్న పాత విద్యే. ఇంగ్లండులో ఈ బెడద ఎంత ముదిరిందంటే, వేలంలో వర్తకుల కూటములను నేరంగా ప్రకటిస్తూ 1927లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు.

మన పూర్వులు దీనిని ఎలా చూశారు? కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగవ అధికరణం పేరు కంటకశోధనం, అంటే ప్రజలకు ముళ్ళవంటి వారిని ఏరివేయడం. అందులో వర్తకుల మీద ఒక అధ్యాయమే ఉంది. కలిసి సరకును తొక్కిపెట్టినా, కలిసి అన్యాయపు ధరకు అమ్మినా కొన్నా వెయ్యి పణాల దండం. కొన్నా అనడం గమనించదగ్గది. అమ్మేవాడి కుమ్మక్కే కాదు, కొనేవాడి కుమ్మక్కు కూడా ఆయన దృష్టిని తప్పించుకోలేదు. పనివారూ శిల్పులూ కలిసి పని నాణ్యం తగ్గించినా అదే దండం. యాజ్ఞవల్క్య స్మృతి కూడా ఇటువంటి వారికి ఉత్తమ సాహస దండం, అనగా అత్యధిక జరిమానా, విధించమన్నది. ఆ స్మృతి లెక్కలో అది వెయ్యిన్ని ఎనభై పణాలు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను తిక్కన గారి కాలంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. కనుక వ్యవహార ధర్మాన్ని తెలుగులో చదువుకోవడం మనకు ఏడు వందల యేళ్ళకు పైబడిన అలవాటు.

అయితే ఆ కాలానికీ ఈ కాలానికీ ఒక మౌలికమైన భేదం ఉంది. కౌటిల్యుడి రాజ్యంలో ధర రాజు చెప్పుచేతలలో ఉండేది. స్వదేశపు సరకు మీద నూటికి అయిదు, పరదేశపు సరకు మీద నూటికి పది లాభం అనుమతించి, దానిని మించితే దండించమన్నాడాయన. నేటి చట్టం ఆ పని చేయదు. ధర న్యాయమైనదా అని అది అడగదు. ఆ ధరకు మీరు ఎవరికి వారు వచ్చారా, కలిసి వచ్చారా అని మాత్రమే అడుగుతుంది. నా విద్యార్థి ప్రశ్నకు జవాబులో మొదటి మెట్టు ఇదే. ధర తక్కువగా ఉండడం నేరం కాదు. ధరలు ఒకేలా ఉండడం కూడా, దానంతట అది, నేరం కాదు. పక్కవాడి ధర బహిరంగంగా చూసి మనమూ దానికే దిగితే అది వ్యాపారం. పక్కవాడికి ఫోను చేసి రేపు ఇద్దరం ఇంతకే కొందామంటే అది కుమ్మక్కు. ఫలితం ఒకటే, మార్గం వేరు. అధికారులు పట్టుకోవలసింది ఆ కనబడని ఫోనును.

ఆధునిక కాలంలో ఈ తరహా చట్టాలలో పేరు పొందినది అమెరికాలో 1890లో వచ్చిన షెర్మన్ చట్టం. మనకు స్వాతంత్ర్యానంతరం 1969లో గుత్తాధిపత్య నిరోధక చట్టం, దాని వెంట ఎం.ఆర్.టి.పి. కమిషన్ వచ్చాయి. ఆ కమిషన్ ‘ఇక మానండి’ అని ఆజ్ఞాపించగలదే గాని, చేసినందుకు జరిమానా వేయలేదు. బెత్తం లేని బడిపంతులు వంటిదని అనుకోండి. దాని స్థానంలో 2002లో పోటీ చట్టం వచ్చింది. 2007లో దానికి సవరణలు చేశారు. కుమ్మక్కులను నిషేధించే మూడవ సెక్షను 2009 మే 20 నుండి అమలులోకి వచ్చింది. ఢిల్లీలోని పోటీ కమిషన్, ఆంగ్ల సంక్షిప్త నామంలో సి.సి.ఐ., దీనిని అమలు చేస్తుంది. దానికి దర్యాప్తు చేసిపెట్టే విభాగానికి అధిపతి డైరెక్టర్ జనరల్.

ఇక పట్టుకునే పద్ధతులకు వద్దాం. మొదటిది, అంకెలను అనుమానించడం. బియ్యం, గోధుమల గోదాములలో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు వాడతారు. వాటి కోసం భారత ఆహార సంస్థ 2009లో టెండరు పిలిస్తే, మూడు కంపెనీలు కిలోకు 388 రూపాయలని ఒకే ధర కోట్ చేశాయి. పరీక్షలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురు పిల్లలు ఒకే తప్పు వ్రాస్తే ఉపాధ్యాయుడికి ఏమి తోస్తుందో ఆహార సంస్థకూ అదే తోచింది. ఫిర్యాదు చేసింది. ఖర్చులు వేరువేరుగా ఉన్న కంపెనీలకు ధర మాత్రం రూపాయి తేడా లేకుండా ఎలా కుదిరింది? వారు తృప్తికరంగా చెప్పలేకపోయారు. 2012లో కమిషన్ జరిమానా వేసింది. 2017 మే 8న సుప్రీంకోర్టు కూడా కుమ్మక్కు నిజమేనన్నది.

అయితే అంకెలు ఒక్కొక్కప్పుడు మోసం చేస్తాయి. వంటగ్యాసు సిలిండర్ల తయారీదారుల కేసు చూడండి. ఇండియన్ ఆయిల్ సంస్థ 2010లో పిలిచిన టెండరులో నలభైకి పైగా కంపెనీలు రాష్ట్రాల వారీగా ఇంచుమించు ఒకే ధరలు వేశాయి. టెండరుకు ముందు వారిలో చాలామంది ముంబయిలో ఒక హోటల్లో సమావేశమయ్యారు కూడా. 2012లో కమిషన్ జరిమానా విధించింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ మొత్తం తగ్గించినా నేరం మాత్రం నిజమేనన్నది. కాని 2018 అక్టోబరు 1న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ సిలిండర్లు కొనేవి మూడే మూడు ప్రభుత్వ సంస్థలు, వేరే గిరాకీ లేదు, లోగడ ఇచ్చిన ధరలు అందరికీ తెలిసినవే, అటువంటి అంగడిలో ధరలు ఒకేలా ఉండడానికి కుమ్మక్కు అక్కరలేదని కోర్టు భావించింది. మన రేవుకు ఈ తీర్పు బాగా అన్వయిస్తుంది. కొనేవాళ్ళు కొద్దిమంది, ధర బహిరంగం. కాబట్టి ‘అందరూ ఒకే రేటు చెప్పారు’ అన్న ఒక్క మాట చాలదు.

రెండవ పద్ధతి, ముందుగా చెప్పకుండా ఒకేసారి అన్ని కార్యాలయాల మీదా పడి సోదా చేయడం. మూడవది, అన్నిటికంటె పదునైనది, లోపలివాడిని మాట్లాడించడం. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని మన సామెత. మన చట్టం దీనికి తక్కువ జరిమానా పథకమని ఒక ఏర్పాటు చేసింది. కుమ్మక్కులో ఉన్నవారిలో మొదట వచ్చి నిజం చెప్పి, ఆధారాలు అప్పగించిన వాడికి నూటికి నూరుశాతం దాకా, రెండవవాడికి యాభై దాకా, మూడవవాడికి ముప్పయి దాకా జరిమానా మాఫీ. అప్పటినుండి ప్రతి కూటమిలోనూ ప్రతివాడికీ ఒక భయం: నాకంటె ముందు వాడు వెళ్ళిపోతాడేమో! నమ్మకం మీద నిలబడిన దొంగతనాన్ని నమ్మకం చెడగొట్టి కూల్చడం దీని తంత్రం. అయితే విభీషణుడికీ వీడికీ పోలిక లేదని మాత్రం గుర్తుంచుకోవాలి. విభీషణుడు సీతాపహరణంలో పాలుపంచుకోలేదు. వీడు పంచుకొని, లాభం తిని, పట్టుబడతాననిపించాక వచ్చినవాడు.

మన తెలుగునేలకు దగ్గరి ఉదాహరణ టార్చిలైటు బ్యాటరీలది. నెల్లూరులో కర్మాగారం ఉన్న ఇండో నేషనల్ సంస్థ వారి నిప్పో బ్యాటరీ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఎవరెడీ, నిప్పో, పానసోనిక్ మూడూ కలిసి కొన్నేళ్ళపాటు ధరలను కూడబలుక్కొని పెంచాయని 2018 ఏప్రిల్ 19న కమిషన్ తీర్పు చెప్పింది. వారి తయారీదారుల సంఘం దీనికి వేదిక అయింది. ఈ గుట్టు బయటపెట్టినది పానసోనిక్. దాని మాట మీద 2016 ఆగస్టు 23న అధికారులు మూడు కంపెనీలలోనూ ఏకకాలంలో సోదా చేశారు. సోదా జరిగాక మిగిలిన రెండూ కూడా దారికి వచ్చి తక్కువ జరిమానా కోరుకున్నాయి. పానసోనిక్‌కు లెక్కకు వచ్చిన 74 కోట్ల పైచిలుకు మొత్తమంతా మాఫీ అయింది. ఎవరెడీకి ముప్పయి శాతం తగ్గించి 171.55 కోట్లు, ఇండో నేషనల్‌కు ఇరవై శాతం తగ్గించి 42.26 కోట్లు విధించారు. ఇటువంటి మాఫీ పొందిన మొదటి తీర్పు అంతకు ముందు సంవత్సరం, 2017 జనవరిలో, రైల్వే ఫ్యాన్ల టెండరు కేసులో వచ్చింది. అక్కడ చెప్పినవాడికి డెబ్బయి అయిదు శాతమే మాఫీ.

ఆంధ్రప్రదేశ్ పేరు నేరుగా వినబడిన కేసు బీరు కంపెనీలది. మన రాష్ట్రంలో మద్యం టోకున కొనేది ప్రభుత్వ కార్పొరేషన్. కంపెనీలు తమ ధరను దానికి ప్రతిపాదించాలి. పోటీపడవలసిన కంపెనీలు ఆ ప్రతిపాదనలను ముందే తమలో తాము మాట్లాడుకున్నాయని, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర మొదలైన పలు రాష్ట్రాలలో ఇది సాగిందని 2021 సెప్టెంబరు 24న కమిషన్ నిర్ణయించింది. యునైటెడ్ బ్రూవరీస్‌కు దాదాపు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్‌కు దాదాపు 121 కోట్లు జరిమానా. మొదట వచ్చి చెప్పిన ఆన్‌హైజర్ బుష్ ఇన్‌బెవ్‌కు పూర్తి మాఫీ. ప్రభుత్వమే కొనుగోలుదారైన చోట కూడా కుమ్మక్కు ఆగదని దీనివల్ల తెలుస్తుంది. ‘దొంగలు దొంగలు ఊళ్ళు పంచుకున్నట్లు’ అన్న సామెత ఊరకే పుట్టలేదు.

ఇప్పుడు రొయ్యల దగ్గరకు వస్తాను. ఐరోపాలో ఉత్తర సముద్రంలో చిన్న బూడిదరంగు రొయ్య దొరుకుతుంది. దానిని కొని అమ్మే వర్తకులలో హైప్లూఖ్, క్లాస్ పౌల్, కోక్ అనే డచ్చి సంస్థలు, ష్టూర్క్ అనే జర్మన్ సంస్థ ఉన్నాయి. ఇవి 2000 నుండి 2009 వరకు ధరలు కూడబలుక్కొని, అమ్మకాలు పంచుకున్నాయని ఐరోపా కమిషన్ 2013 నవంబరు 27న తేల్చింది. జర్మన్ సంస్థ పాత్ర అందులో కొన్నేళ్ళకూ, ఒక్క జర్మనీకే పరిమితం. మొత్తం జరిమానా 2 కోట్ల 87 లక్షల యూరోలు, అందులో హైప్లూఖ్‌ది ఒక్కదానిదే 2 కోట్ల 70 లక్షల పైమాట. గుట్టు విప్పిన క్లాస్ పౌల్‌కు శూన్యం. సోదాలో చిత్రమైన ఆధారమొకటి దొరికింది. కూటమిలోని కోక్ సంస్థ తరఫున, మిగిలిన వారితో జరిగిన ఫోను సంభాషణలను వారికి తెలియకుండా రికార్డు చేసి దాచుకున్నారు! దొంగలకు దొంగల మీద నమ్మకం ఎంతపాటిదో చూడండి. చాటుగా తీసిన రికార్డు సాక్ష్యంగా చెల్లదని హైప్లూఖ్ వాదిస్తే, సోదా చట్టబద్ధంగా జరిగింది గనుక చెల్లుతుందని 2016 సెప్టెంబరులో అక్కడి న్యాయస్థానం చెప్పింది.

ఈ కథకు ఒక విషాదమైన కొనసాగింపు ఉంది. అంతకుముందే నష్టాలలో ఉన్న హైప్లూఖ్ ఆ జరిమానా కట్టలేక, అప్పు పుట్టక, 2014 జనవరిలో దివాలా తీసింది. వెంటనే మరొకరు దానిని కొని నడిపించారు. కాని పాత ఉద్యోగులు దాదాపు మూడువందల మందిలో మూడింట రెండు వంతుల మందికే మళ్ళీ పని దొరికింది, అదీ మునుపటికంటె తక్కువ వసతులతో. ఫోనులో ధర మాట్లాడినవాడు ఒకడు, కొలువు పోగొట్టుకున్నవాడు ఇంకొకడు. దండం నేరస్థుడి మీదే పడేటట్లు చూడడం రాజుకు ఎంత కష్టమో మన స్మృతికారులు ఎందుకు అంతగా చెప్పారో ఇక్కడ తెలుస్తుంది.

అందుకే కొన్ని దేశాలు కంపెనీతోపాటు మనిషిని కూడా శిక్షిస్తున్నాయి. అమెరికాలో డబ్బా ట్యూనా చేపలు అమ్మే మూడు పెద్ద కంపెనీలు కుమ్మక్కయ్యాయి. వాటిలో రెండు విలీనం కాబోతే, ఆ విలీనాన్ని పరిశీలిస్తున్న అధికారులకు ఈ గుట్టు దొరికింది. స్టార్‌కిస్ట్ కంపెనీకి 2019లో పది కోట్ల డాలర్ల జరిమానా పడింది. బంబుల్ బీ కంపెనీ అధిపతికి 2020 జూనులో నలభై నెలల జైలుశిక్ష పడింది. మన పోటీ చట్టంలో కుమ్మక్కుకు జైలు లేదు. బాధ్యులైన అధికారులకు కూడా జరిమానాయే.

ఆ జరిమానా లెక్క ఎలా? కుమ్మక్కు సాగిన ప్రతి సంవత్సరానికీ లాభానికి మూడు రెట్ల దాకా గాని, టర్నోవరులో పది శాతం దాకా గాని, ఏది ఎక్కువైతే అది విధించవచ్చు. ఏ టర్నోవరు అన్న ప్రశ్న మీద ఏళ్ళు గడిచాయి. ఇందాక చెప్పిన బిళ్ళల కేసులో, కుమ్మక్కు జరిగిన సరకు టర్నోవరునే లెక్కించాలని, కంపెనీ మొత్తం వ్యాపారాన్ని కాదని సుప్రీంకోర్టు 2017లో అన్నది. దానితో ఎక్సెల్ క్రాప్ కేర్ అనే కంపెనీకి కమిషన్ వేసిన దాదాపు 64 కోట్లు మూడు కోట్ల లోపుకు దిగాయి. తరువాత 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, టర్నోవరు అంటే ప్రపంచమంతటా ఉన్న మొత్తం వ్యాపారమని చెప్పింది. అది 2024 మార్చి నుండి అమలులోకి వచ్చింది. ఒక కుమ్మక్కులో దొరికినవాడు తానున్న రెండవ కుమ్మక్కు గుట్టు విప్పితే అదనపు మాఫీ ఇచ్చే ఏర్పాటు కూడా ఆ యేడే వచ్చింది.

వేసిన జరిమానా వసూలు కావడం మరొక పురాణం. సిమెంటు కంపెనీల కేసే తార్కాణం. పదకొండు కంపెనీలు, వాటి సంఘం కలిసి ఉత్పత్తిని బిగబట్టి ధర పెంచాయని 2012 జూన్ 20న కమిషన్ 6,300 కోట్లకు పైగా జరిమానా వేసింది. వాదనలు వినని అధ్యక్షుడు తీర్పు మీద సంతకం చేశారన్న కారణంతో 2015 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని పక్కన పెట్టింది. 2016 ఆగస్టు 31న కమిషన్ మళ్ళీ విని, మళ్ళీ ఇంచుమించు 6,700 కోట్లు వేసింది. 2018 జూలైలో జాతీయ కంపెనీ చట్ట అప్పిలేట్ ట్రిబ్యునల్ సమర్థించింది. ఆ అక్టోబరులో, పదిశాతం డిపాజిట్ షరతు మీద, సుప్రీంకోర్టు అప్పీళ్ళను స్వీకరించింది. ఈ లోపల ఎన్ని ఇళ్ళు కట్టుకున్నారో, ఎందరు బస్తాకు ఎంత ఎక్కువ పెట్టారో ఎవరు లెక్క తీస్తారు? జరిమానా వెళ్ళేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయినవాడు పరిహారం కోసం ట్రిబ్యునల్‌ను వేరుగా ఆశ్రయించే దారి చట్టంలో ఉంది గాని, బస్తా సిమెంటు కొన్నవాడు అంతదూరం పోలేడు.

మొదట వేసుకున్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. సంభూయ ఎక్కడ ధర్మం, ఎక్కడ నేరం? కొనేవాళ్ళు కలిస్తే నేరమైనప్పుడు, అమ్మే మత్స్యకారులు కలిస్తే? నా విద్యార్థి అడగకపోయినా ఈ ప్రశ్న వదలదు. నెదర్లాండ్స్‌లో 2003లో అక్కడి పోటీ అధికారులు రొయ్యల వర్తకులతోపాటు, కలిసి కనీస ధర కట్టుకున్న మత్స్యకార సంఘాలను కూడా దండించారు. చట్టం బీద గొప్ప చూడలేదు. మన చట్టం కూడా కార్టెల్‌కు ఇచ్చిన నిర్వచనంలో ఉత్పత్తిదారుల సంఘాలను చేర్చింది. అయితే నాకు తోచిన గీత ఇది. పదిమంది కలిసి ఒక ఐసు ఫ్యాక్టరీ పెట్టుకుంటే, కలిసి సరకు చేర్చి, శుభ్రం చేసి, ఒక్క పేరుతో అమ్మి లాభనష్టాలు పంచుకుంటే అది సంభూయ సముత్థానం. అక్కడ అదనంగా ఒక పని జరిగింది, ఆ పనికి ఫలం వచ్చింది, నష్టం వస్తే భరించేవారూ వారే. ఎవరి దుకాణం వారిదేనంటూ, ఏ పనీ కలిసి చేయక, ధర ఒక్కటే కలిసి నిర్ణయిస్తే అది కుమ్మక్కు. అక్కడ పుట్టిన లాభం ఎవరి శ్రమఫలమూ కాదు, అవతలివాడి జేబులోది. నేటి చట్టం కూడా, సామర్థ్యాన్ని పెంచే ఉమ్మడి వ్యాపారానికి ఈ నిషేధం నుండి కొంత వెసులుబాటు ఇచ్చింది. పాత స్మృతికారులు ఒకే మాటను రెండుచోట్ల వాడడంలోని మర్మం ఇదేనని నా నమ్మకం.

నా విద్యార్థికి నేను చెప్పగలిగినది ఇంతే. “ఒక నోటుబుక్కు పెట్టు బాబూ. తేదీ, కౌంటు, ఎవరు ఎంత చెప్పారు, ఆ రోజు సరకు ఎంత వచ్చింది, రోజూ వ్రాయి. సరకు ఎక్కువ వచ్చినరోజు రేటు పడితే అది అంగడి స్వభావం. సరకు లేనిరోజున కూడా అందరూ కలిసి దించితే అది అడగవలసిన సంగతి.” పోటీ కమిషన్‌కు సమాచారం ఎవరైనా ఇవ్వవచ్చు. నష్టపోయినవాడే ఇవ్వాలనే నియమం లేదు. వ్యక్తికైనా సహకార సంఘానికైనా రుసుము అయిదు వేల రూపాయలు, పేరు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. ఆ నోటుబుక్కు ఒక్కటే నేరాన్ని రుజువు చేయదని కూడా వాడికి చెప్పాను. కాని ఫోనులు వెతకమని అధికారులను అడగడానికి అది కారణం కాగలదు. బిళ్ళల కేసు మొదలైనది 388 అన్న ఒకే ఒక్క అంకెతో.

వాడు ఆ పుస్తకం వ్రాస్తున్నాడో లేదో నాకు తెలియదు. షావుకారికి బాకీ ఉన్నవాడు షావుకారి రేటు వ్రాసిపెట్టుకోవడం అనుకున్నంత సులభం కాదు. చట్టం ఎంత పదునైనదైనా, మొదటి మాట చెప్పడానికి ఒకడికి ధైర్యం కావాలి. కంపెనీలలోని వాడికి ఆ ధైర్యం కోసం చట్టం కోట్ల రూపాయల మాఫీ ఇస్తున్నది. జెట్టీ మీద వాడికి ఇవ్వగలిగినది ఇంకా కనిపెట్టవలసి ఉంది.

ఈ విషయంలో అనుభవమున్న పాఠకులు, ముఖ్యంగా రొయ్యల చెరువుల ప్రాంతాల వారు, తమ అభిప్రాయాలు తెలియజేస్తే సంతోషిస్తాను.